కంప్రెసర్ పాట

రొట్టెలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఖాజా హుస్సేన్ పైరొట్టెను రెండు వేళ్ళతో ఎత్తి, తిప్పి చూసి, మళ్ళీ దొంతరమీద పెట్టాడు. బట్టను ముట్టుకుని నేత చెప్పగల దర్జీ వేళ్ళు అవి. ఇప్పుడు రొట్టెలో ఏం వెతుకుతున్నాయో సాదిక్‌కు తెలుస్తూనే ఉంది. ఇరాక్ సైన్యం వచ్చి నెల దాటింది. వాళ్ళుండే బ్నీద్ అల్ గార్‌లో రొట్టె కావాలంటే చీకటితోనే వెళ్ళి వరసలో నిలబడాలి. పది గంటలకు దొరికితే గొప్ప. దొరికినా చల్లారి అట్టముక్కలా ఉంటుంది. అందరూ కంప్రెసర్ అని పిలిచే ఇతను ఏడున్నరకు వెళ్ళి ఎనిమిదిన్నరకు తిరిగొచ్చాడు, ఆవిరి పట్టిన ప్లాస్టిక్ సంచితో.

"తినుండ్రి, సల్లారిపోతయ్," అన్నాడు కంప్రెసర్.

అతను మాత్రం తినలేదు. బాత్రూంలోకి వెళ్ళి నోరు పుక్కిలించాడు. చాలాసేపు పుక్కిలించాడు. అదీ సాదిక్ గమనించాడు. పదకొండేళ్ళుగా ఏసీ మెకానిక్‌గా యంత్రాల శబ్దాలు వినడం సాదిక్ పని. ఈ నెలలో యంత్రాలు చాలావరకు ఆగిపోయాయి. వినడం మాత్రం ఆగలేదు. ఇప్పుడు మనుషుల్ని వింటున్నాడు. ఎవరు ఎప్పుడు తలుపు తీశారు, ఎవరు మెట్లమీద ఆగారు, ఎవరి నవ్వు అవసరానికి మించి సాగింది. అలా వినడం తనకు కొంచెం ఇష్టంగా కూడా ఉందని అతనికి తెలుసు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఖాజా హుస్సేన్ గొంతు తగ్గించి అన్నాడు. "అబ్బీ, నువ్వూ చూస్తానే ఉండావు కదా. మనకు దొరకని రొట్టె ఆయప్పకు యాడ దొరుకుతాది?"

సాదిక్ రొట్టె తుంచాడు. ముగ్గురూ తిన్నారు. గదిలో మూడోవాడు జలంధర్ అందరికన్నా ఎక్కువ తిన్నాడు, అందరికన్నా కోపంగా తిన్నాడు.

కంప్రెసర్ ఆ గదివాడు కాదు. అమ్ఘరాలో పాత ఇనుము కోసే యార్డులో అతని పని, అక్కడే రేకుల షెడ్డులో పడక. ఆగస్టు మొదటి తేదీ సాయంత్రం ఈ గదికి వచ్చాడు. మర్నాడు గురువారం, ఈ బిల్డింగ్‌లో అతని పాట పెట్టుకున్నారు. తెల్లారేసరికి వీధిలో ట్యాంకులు ఉన్నాయి. అప్పటినుంచి తలుపు పక్కన చాప వేసుకుని ఇక్కడే ఉండిపోయాడు.

అతని పాట అంటే ఒకటే పాట. మిగతావి పాడినా ఎవరూ వినేవారు కాదు. కఫీల్ ఇంట్లో, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని ఇంట్లో, ఏసీ చెడిపోతుంది. ఆ చప్పుడు లేనిదే ఇంటాయన బాబాకు నిద్ర రాదు. ఇంటావిడ మామా వచ్చి, ఇంట్లో పనివాణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టి, నోటితో ఏసీ చప్పుడు చెయ్యమంటుంది. వాడు చేస్తాడు. ఆపితే బాబా లేస్తాడు. యల్లా అంటే మొదలుపెట్టాలి, ఖలాస్ అంటే ఆపాలి. "యల్లా అన్నడు, ఖలాస్ అన్నడు, నడుమ నేనేమన్న?" అని పాడి, ఆ తర్వాత దవడలు బిగించి, ముక్కుతోనో గొంతుతోనో ఎక్కడినుంచో కంప్రెసర్ మోత తీసేవాడు. ఊపిరి తీసుకోకుండా నిమిషం పైన తీసేవాడు. చివర మోటారు మూలిగి, టక్కున ఆగిపోయేది. ఎవరో టేపు చేశారు. ఆ టేపునుంచి ఇంకో టేపు. ఊరికి ఉత్తరం బదులు క్యాసెట్‌లో మాట్లాడి పంపేవాళ్ళు, చివర్లో మిగిలిన ఖాళీలో ఈ పాట ఎక్కించేవారు. ఆ లెక్కన అతని గొంతు అతనికన్నా ముందే చాలా ఊళ్ళు తిరిగింది.

అమ్ఘరాలో కూలీలు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవారు. అహ్మదిలో కంపెనీ క్వార్టర్లవాళ్ళు ఇలాంటివి మన పరువు తీస్తాయని టేపు కట్టేసేవారు. దేవుడిచ్చిన నోటితో యంత్రం చప్పుడేమిటని ఖాజా హుస్సేన్ విసుక్కునేవాడు, ఆ మోత దగ్గర మాత్రం కుట్టుమిషన్ ఆపేవాడు. జలంధర్‌ది నిజామాబాద్. కంప్రెసర్ జగిత్యాల వైపువాడు. మా దిక్కు పేరు చెప్పి కోతివేషాలు వేస్తున్నాడని జలంధర్ అనేవాడు, ఆ పాట తాను పూర్తిగా ఎన్నడూ వినలేదనేవాడు. సాదిక్ మొదటిసారి విన్నప్పుడు, "కెపాసిటర్ పోయింది," అన్నాడు. గదంతా పకపకా నవ్వింది. తర్వాత ప్రతిసారీ ఆ మాట అనడం అతని వంతు అయింది.

నవ్వనిది ఒక్క బుడేన్‌బీ. తాను పనిచేసే ఇంటివాళ్ళు వేసవికి లండన్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోతే, ఆమె ఆ ఇంటికి తాళం వేసి, ఎదురు ఫ్లాట్‌లో రాయచోటి ఆడవాళ్ళ దగ్గరకు వచ్చి చేరింది. ఆ పాట మొదలైతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయేది. ఒకసారి సాదిక్ కారణం అడిగాడు. అందులో నవ్వేదానికి ఏముండాదని ఆమె తిరిగి అడిగింది.

*

కంప్రెసర్ సైనికులతో కలిశాడన్న జలంధర్ అనుమానానికి వేరే మూలం ఉంది. అతను కూరగాయల దుకాణంలో డ్రైవరు. కఫీల్ పారిపోతూ పికప్ తాళం అతని చేతిలో పెట్టి వెళ్ళాడు. జలంధర్ దాన్ని బేస్‌మెంట్‌లో, పాత మంచాల వెనక దాచాడు. పది రోజుల కిందట సైనికులు నేరుగా బేస్‌మెంట్‌లోకి దిగి, మంచాలు లాగేసి, తీసుకుపోయారు. అప్పుడు ఎవరినీ అనుమానించలేదు. వీధిలో బండ్లన్నీ పోతూనే ఉన్నాయి. కానీ మొన్న అతను నీళ్ళకోసం వెళ్తూ, బేకరీ మలుపులో చెక్‌పోస్ట్ దగ్గర ఒక సైనికుడు కూనిరాగం తీయడం విన్నాడట. రాగం కాదు, మోత. దవడ బిగించి, ముక్కుతో.

"వీని పాట ఇరాకోనికెట్ల తెలిసింది? వీడు పోయి పాడకుంట తెలుస్తదా?" అన్నాడు జలంధర్. పాడితే మాట్లాడి ఉంటాడు. మాట్లాడితే బండి సంగతి చెప్పి ఉంటాడు. రేపు రేడియో సంగతి చెప్తాడు. బియ్యం బస్తాల వెనక దాచిన ఆ రేడియోలోనే వాళ్ళు రోజూ వార్తలు వింటున్నారు. అది దొరికితే ఏమవుతుందో పక్క బిల్డింగ్‌లో చూశారు.

ఒక్కో మాటా సరిగ్గానే అతుకుతోంది. అలా అతకడమే సాదిక్‌ను ఇబ్బందిపెట్టింది. చెడిపోయిన యంత్రం దగ్గర మొదటి కారణమే ఇంత బాగా సరిపోయిందంటే, అతను రెండోది కూడా వెతికేవాడు. ఇప్పుడు వెతకాలనిపించలేదు. రొట్టె వెచ్చదనం ఇంకా వేళ్ళకు ఉంది.

ఆ మంగళవారమే జాబితా పని అతనికి వచ్చింది. ఒక స్కూల్లో మనవాళ్ళు కొందరు కూర్చుని బస్సులు కుదురుస్తున్నారు. శనివారం పొద్దున బస్రా మీదుగా బాగ్దాద్, అక్కణ్ణుంచి అమ్మాన్. అమ్మాన్‌లో విమానం. ఒక్కో బిల్డింగ్ నుంచి ఒక జాబితా ఇవ్వాలి. పాస్‌పోర్టులో ఉన్న పేరు, నంబరు. గురువారం మధ్యాహ్నం లోపల ఇచ్చినవాళ్ళకే సీటు. తర్వాత బస్సు ఉంటుందో ఉండదో ఎవరూ చెప్పలేరు. రిపేరు పనుల జాబ్ కార్డులు నింపి నింపి ఇంగ్లీషు పెద్దక్షరాలు చక్కగా రాస్తాడని అందరూ సాదిక్‌నే రాయమన్నారు.

కంప్రెసర్‌ను వదిలెయ్యమని జలంధర్ తేల్చి చెప్పాడు. దారిలో ఎన్ని చెక్‌పోస్టులుంటాయో, వాళ్ళతో తిరిగేవాణ్ణి పక్కన పెట్టుకుని పోతామా అన్నాడు. ఖాజా హుస్సేన్ గోడవైపు చూస్తూ, ఆయప్పకు ఈడ బాగానే జరుగుతాంది కదా, మనకెందుకు అన్నాడు. సాదిక్ కాగితం అట్టకు క్లిప్పు పెట్టి, గది గదికీ తిరిగి పేర్లు రాసుకున్నాడు. అందుకు అతను ఎంచుకున్న సమయం బుధవారం పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు. ఆ సమయం ఎందుకు ఎంచుకున్నాడో మెట్లు దిగుతుండగా అతనికే అర్థమైంది. అర్థమయ్యాక కూడా తిరగడం ఆపలేదు.

ఎదురు ఫ్లాట్‌లో బుడేన్‌బీ తన పాస్‌పోర్టు నకలు ఇచ్చి, చాప మీద పడుకునే ఆయప్ప పేరు రాసినావా నాయనా అని అడిగింది. రాశానని చెప్పాడు. ఆమె అట్టవైపు చూసింది. చదవడం రాదు ఆమెకు. అయినా కొంచెంసేపు చూసింది.

*

గురువారం పొద్దున సాదిక్ కంప్రెసర్ వెనకే దిగాడు. చేతిలో టూల్ బాక్స్ పెట్టుకున్నాడు. ఆక్రమించిన బిల్డింగుల్లో ఆఫీసర్లకు ఏసీలు కావాలి కాబట్టి టూల్ బాక్స్ ఉన్నవాణ్ణి ఎవరూ ఆపడంలేదు. కంప్రెసర్ నేరుగా బేకరీకి పోలేదు. రెండు సందులు చుట్టి, మసీదు వెనకనుంచి వచ్చాడు, ఎక్కడినుంచి వస్తున్నాడో తెలియకూడదన్నట్టు. అనుమానం గట్టిపడింది. గట్టిపడగానే సాదిక్‌కు ఒక రకమైన ఊరట కలిగింది. జాబితాలో పేరు లేకపోవడానికి ఇక తాను కారణం వెతుక్కోనక్కర్లేదు.

బేకరీ ఎదురుగా మూసేసిన లాండ్రీ ఉంది. దాని మెట్టు పక్కన బాక్స్ దించి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాడు.

ముందు పికప్ కనిపించింది. అద్దానికి జలంధర్ కట్టిన ఎర్రగుడ్డ ఇంకా ఉంది. రెండు తలుపులూ తెరిచి ఉన్నాయి. లోపల టేపు నడుస్తోంది. టేపులో కంప్రెసర్ గొంతు. ఎన్నిసార్లు ఎక్కించిన క్యాసెట్టో, గొంతు వెనక సముద్రం పొంగినట్టు హోరు. ఆ హోరు సాదిక్‌కు తెలుసు. తన క్యాసెట్‌నుంచి ఎవరో అడిగి ఎక్కించుకున్నారు. ఎవరో ఇప్పుడు గుర్తొచ్చింది. ఊరికి మాట రికార్డు చేసుకుంటానని జలంధర్ ఒక శుక్రవారమంతా టేప్‌రికార్డర్ తీసుకుపోయాడు.

అంటే క్యాసెట్ బండితోపాటే వెళ్ళింది.

నలుగురైదుగురు సైనికులు ఉన్నారు. నడివయసువాళ్ళు, ఒకతని కాళ్ళకు బూట్లు లేవు, రబ్బరు చెప్పులు. ఒక లావుపాటివాడు ఏదో ఆఫీసునుంచి తెచ్చిన చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. కంప్రెసర్‌ను పికప్ వెనక ఎక్కించారు. టేపు కట్టేశారు.

"యల్లా," అన్నాడు కుర్చీలోవాడు.

కంప్రెసర్ దవడలు బిగించి మోత మొదలుపెట్టాడు.

"ఖలాస్."

ఆపాడు. వాళ్ళు నవ్వారు. యల్లా. మొదలుపెట్టాడు. ఖలాస్. ఆపాడు. ఊపిరి తీసుకోబోతుంటే యల్లా. ఎండ అతని ముఖంమీద పడుతోంది. బేకరీ వరసలో నిలబడ్డవాళ్ళు, మనవాళ్ళు, బంగ్లా వాళ్ళు, ఈజిప్టువాళ్ళు, తల తిప్పి చూసి మళ్ళీ ముందుకు తిరిగారు. ఒకసారి "ఖలాస్" అనడం మర్చిపోయినట్టు కుర్చీలోవాడు సిగరెట్ వెలిగించుకున్నాడు. మోత సాగింది, సాగింది. సాదిక్ చెవి దాని పని అది చేసింది. ఇది కెపాసిటర్ కాదు, అనుకున్నాడు. బేరింగ్ అరిగింది, లోపల ఇనుము ఇనుమును తింటోంది. చివరికి మోటారు మూలిగి టక్కున ఆగింది. ఆ టక్ దగ్గర, లాండ్రీ మెట్టుమీద, సాదిక్‌కు నవ్వొచ్చింది.

వెంటనే అరచేత్తో నోరు మూసుకున్నాడు. చెయ్యి కిందనే నవ్వు చల్లారింది. అప్పుడు తలెత్తి కంప్రెసర్ ముఖం చూశాడు. పాట అయ్యాక ఆ కళ్ళు వింటున్నవాళ్ళ ముఖాలను ఒక్కొక్కటే వెతుకుతున్నాయి, ఇంకా ఎంతసేపో చూసుకుంటున్నట్టు. ఇది కొత్త ముఖం కాదు. గురువారాల్లో తమ గదిలో, బల్లమీద నిలబడి, "ఇంకోసారి, ఇంకోసారి" అని అందరూ చప్పట్లు కొడుతుంటే ఇదే ముఖంతో నిలబడేవాడు. అప్పుడది సంతోషమని సాదిక్ అనుకున్నాడు. అనుకోవడం కూడా కాదు, చూడనే లేదు.

బేకరీలోంచి ఎవరో రొట్టెల సంచి తెచ్చి పికప్‌లోకి విసిరారు.

*

గదికి తిరిగొచ్చాక సాదిక్ చూసింది చెప్పలేదు. జలంధర్‌ను మాత్రం అడిగాడు, బండిలో క్యాసెట్లేమైనా ఉండిపోయాయా అని.

జలంధర్ గోళ్ళు చూసుకున్నాడు. "భక్తి పాటలుండె. ఎందుకు?"

"ఊరికే."

చెప్పినా అనుమానం పోదని సాదిక్‌కు అనిపించింది. ఇంకో ఆకారం తీసుకుంటుంది, అంతే. వాళ్ళకు వీడి ముఖం తెలుసు కాబట్టి బస్సులో వీడుంటే అందరికీ ముప్పు అంటారు. అదీ సరిగ్గానే అతుకుతుంది. పదకొండు దాటింది. అట్టమీద చివరి పేరు కింద ఒక గీత ఖాళీగా ఉంది. పెన్ను తీసి, రాయబోయి ఆగాడు. ఏమని రాయాలి? అతని అసలు పేరు ఖాజా హుస్సేన్‌కు తెలియదు. ఎవరికీ తెలియదు. మూడేళ్ళుగా ఇన్ని గదుల్లో పిలిచిన పేరు జాబితాలో రాయడానికి పనికిరాదు.

కంప్రెసర్ మిద్దెమీద చొక్కా పిండుతున్నాడు. సాదిక్ నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి, పాస్‌పోర్టులో నీ పేరేంది అని అడిగాడు.

అతను చొక్కా దులిపి తీగమీద వేశాడు. రెండు వైపులా లాగి ముడతలు సరిచేశాడు.

"మూడేండ్ల సంది నా పాట ఇంటున్రు. పేరు గిప్పుడడుగుతున్నవ్ సాదిక్ భాయ్."

సాదిక్ తల దించుకున్నాడు.

"నిన్ననే అందరి పేర్లు రాసుకున్నవని నాకెర్కే. నేను లేనప్పుడు తిరిగినవ్. పొద్దుగాల నా ఎనక వచ్చింది కూడ ఎర్కే. నీ డబ్బా చప్పుడైతది." అతని గొంతు బొంగురుగా ఉంది, ఒక్కో మాటకూ మింగుతున్నాడు. "మొదటి దినం నేను రొట్టెలకే పోయిన. బండిల నా గొంతు నాకే ఇనవడ్డది. నిలవడ్డ. గదే తప్పయింది. నవ్వుతున్నరా లేదా అని సూసిన. ఆగకుంట పోతే పోనిస్తుండ్రి."

రోజూ వచ్చి పాడకపోతే బిల్డింగులన్నీ వెతుకుతామని వాళ్ళన్నారట. అందుకే చుట్టుదారిన పోయి చుట్టుదారిన వస్తున్నాడు.

తర్వాత పేరు చెప్పాడు. గుండేటి చిన్నరాజం. నంబరు నోటికి వచ్చు. సాదిక్ ఆఖరి గీతమీద రాశాడు, మిగతావాటికన్నా జాగ్రత్తగా.

జాబితా ఇవ్వబోయే ముందు జలంధర్ దాన్ని పైనుంచి కిందికి చదివాడు. ఈ చిన్నరాజం ఎవరన్నాడు. బుడేన్‌బీకి తెలిసినాయన అని సాదిక్ చెప్పాడు. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, నిన్న ఆమెతో చెప్పిన అబద్ధాన్ని అది సరిచేసినట్టు అనిపించింది.

*

శనివారం ఆరున్నరకు స్కూలు ముందు పేర్లు పిలిచారు. చిన్నరాజం అని పిలిస్తే జలంధర్ ఎవరో చూద్దామని వెనక్కి తిరిగాడు. భుజానికి సంచితో, గొంతుకు తడిగుడ్డ చుట్టుకుని కంప్రెసర్ ముందుకు వచ్చాడు. జలంధర్ సాదిక్‌వైపు చూసిన చూపులో కోపం కన్నా భయం ఎక్కువుంది. అక్కడ ఏమీ అనలేక బస్సెక్కాడు. ఖాజా హుస్సేన్ సంచి సర్దుకుంటూ, నువ్వు చేసిన పనికి అందరం అనుభవించాల అబ్బీ అన్నాడు, మెల్లగా.

చిన్నరాజం వెనక కిటికీ దగ్గర కూర్చున్నాడు. సాదిక్ అతని పక్కన. వాళ్ళ ముందు సీట్లో బుడేన్‌బీ, ఆమె ముందు వరసలో జలంధర్. బస్సు మెయిన్ రోడ్డెక్కాలంటే బేకరీ మలుపు దాటాల్సిందే. టైము ఇంకా ఏడు కాలేదు. వాళ్ళు లేచి ఉండరని సాదిక్ అనుకున్నాడు.

లేచే ఉన్నారు. రబ్బరు చెప్పులతను బస్సెక్కాడు. కాగితాలు చూస్తూ, సీట్లు చూస్తూ, వెనకదాకా వచ్చాడు. చిన్నరాజాన్ని చూసి ఆగిపోయాడు. అతని ముఖంలో మొదట కనిపించింది సంతోషం. పాత స్నేహితుణ్ణి చూసినట్టు. తర్వాత అతను సంచిని చూశాడు, బస్సును చూశాడు, ఆ సంతోషం కొంచెం కొంచెంగా పోయింది.

"యల్లా," అన్నాడు.

చిన్నరాజం నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. గొంతుమీది తడిగుడ్డను చేత్తో పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. రాలేదో, తీయలేదో, పక్కనే ఉన్న సాదిక్‌కు తెలియలేదు.

"యల్లా," అన్నాడు మళ్ళీ, ఈసారి భుజంమీది తుపాకీ పట్టీ సరిచేసుకుంటూ. కిందనుంచి లావుపాటివాడు ఏదో అరిచాడు. 

అప్పుడు ఎవరో పాడడం మొదలుపెట్టారు. సన్నగా, శ్రుతి లేకుండా, వణుకుతూ. ఏసీ బందైన సంగతి, బాబా మంచం మీద పొర్లిన సంగతి, మామా వచ్చి కిటికీ చూపించిన సంగతి. జలంధర్ ఎదుటి సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. ఒక్క మాట తప్పలేదు. గదిలో ఎవరూ పట్టించుకోని మూడో చరణం కూడా వచ్చు అతనికి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా వచ్చు. ఖాజా హుస్సేన్ అతనివైపే చూస్తున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"యల్లా అన్నడు, ఖలాస్ అన్నడు, నడుమ నేనేమన్న?" అని జలంధర్ ఆగిపోయాడు. మోత తీయడం అతనికి చేతకాదు. దవడలు బిగించాడు, గాలి వచ్చింది, అంతే. బస్సు ఇంజను ఒక్కటే వినిపిస్తోంది.

సైనికుడు వేచి చూశాడు. ఎవరూ తీయకపోయేసరికి, దవడ బిగించి, ముక్కుతో, తనే తీశాడు. బాగానే తీశాడు. సన్నగా మొదలై, బరువెక్కి, మూలిగి, టక్కున ఆగింది. ఆపాక బస్సులోని ముఖాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఒక్కరైనా నవ్వుతారేమోనని చూస్తున్నాడని సాదిక్ గుర్తుపట్టాడు. ఎవరూ నవ్వలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఖలాస్ అని గొణిగి, వెనక్కి తిరిగి, దిగిపోయాడు.

బస్సు కదిలింది. జలంధర్ ఇంకా కడ్డీ వదల్లేదు. వెనక్కి తిరగలేదు. చాలాదూరం పోయాక, జహ్రా దాటుతుండగా, చిన్నరాజం బొంగురు గొంతుతో అన్నాడు.

"మనోళ్ళకన్న వానికే మంచిగొచ్చింది."

నవ్వాలేమోనని సాదిక్ అతని ముఖం చూశాడు. ముఖంలో నవ్వమని చెప్పేదేమీ లేదు. అతను కిటికీలోంచి అమ్ఘరా వైపు చూస్తున్నాడు. బుడేన్‌బీ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, వెనక్కి తిరక్కుండానే సీటుమీదుగా చాచింది. సాదిక్ అందుకున్నాడు.

"రాజం," అన్నాడు, "నీళ్ళు."

అతను తిరగలేదు. ఆ పేరుతో పిలిస్తే పలికే అలవాటు ఎప్పుడో పోయినట్టుంది. సాదిక్ సీసా పట్టుకుని, ఇంకోసారి పిలిచాడు.